రోజూ జేబులో పెట్టుకునే ఖరీదైన టార్చి: ఏది కొనాలో తేల్చుకోవడం ఎలా

ఐదు వేలు, పదివేలు పెట్టి టార్చి కొంటానంటే అనంతపురంలో ఇప్పటికీ ఇంట్లోవాళ్ళు ‘నీకేమైనా అయిందా’ అన్నట్టు చూస్తారు. సెల్‌ఫోన్లో లైటు ఉంది కదా అంటారు. ఉంది. తాళం రంధ్రం వెతుక్కోవడానికి అది చాలు. కానీ రాత్రి తొమ్మిదికి చేను కాడ మోటారు ట్రిప్పయినప్పుడు అది చాలదు. కరెంటు పోయిన ఇంట్లో, నిద్రపోతున్న పిల్లల మధ్య నుంచి నీళ్ళ బిందె దాకా నడవాల్సినప్పుడు అదే ఫోను లైటు మరీ ఎక్కువై పిల్లల్ని లేపుతుంది. ఈ రెండు పనులూ ఒకటే టార్చి చెయ్యాలంటే వెలుతురు మన చెప్పుచేతల్లో ఉండాలి. ఖరీదైన టార్చిలో డబ్బు పెట్టాల్సింది దానికే, డబ్బా మీద పెద్దక్షరాలతో వేసిన లూమెన్ల (మొత్తం వెలుతురు కొలత) అంకెకు కాదు.

అందుకని షాపువాడు చెప్పే వరసను తిరగెయ్యండి. ముందు అతి తక్కువ వెలుతురు ఎంతో చూడండి. తర్వాత ఆ తక్కువ నుంచి ఎక్కువకు మీ చెయ్యి ఎలా పోతుందో చూడండి. అతి ఎక్కువ ఎంత అన్నది చివర.

1. ఒక వారం లెక్క రాయండి

చీకట్లో లైటు కావాల్సి వచ్చిన ప్రతిసారీ మూడు ముక్కలు రాసుకోండి: ఎక్కడ, ఎంత దూరం, రెండో చెయ్యి ఖాళీగా ఉందా లేదా. కర్నూలు పాతబస్తీ సందుల్లో ఉండే మనిషి జాబితా వేరు. ప్రొద్దుటూరులో షాపు మూసి పదకొండుకు బండి మీద ఇల్లు చేరే మనిషి జాబితా వేరు. కళ్యాణదుర్గం పక్క బోరు కింద సేద్యం చేసే రైతుది ఇంకొకటి. అయినా ముగ్గురి జాబితాల్లోనూ ఎక్కువ పనులు ఇరవై ముప్పై అడుగుల లోపే ఉంటాయి. అర కిలోమీటరు కొట్టే టార్చి కావాలనుకుని మొదలుపెట్టినవాళ్ళు ఈ కాగితం చూసుకున్నాక మనసు మార్చుకుంటారు.

2. అడుగు (అతి తక్కువ) వెలుతురు ఎంతో అడగండి

కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. వేసవిలో మిద్దె మీద పడుకుని రెండు గంటలప్పుడు నీళ్ళకు లేచిన మనిషికి ఒక్క లూమెన్ కూడా ధారాళమే. మంచి టార్చిల్లో ఒక లూమెన్ కంటే తక్కువ వెలుతురు ఒకటి ఉంటుంది. దాన్ని మూన్‌లైట్ అని రాస్తారు. స్పెసిఫికేషన్లలో ‘లో’ పక్కన ముప్పై, యాభై లూమెన్లని కనిపిస్తే ఆ టార్చిని అక్కడే వదిలెయ్యండి, ధర ఎంతైనా సరే.

అది ఉంటే సరిపోదు, ఆర్పి ఉన్న స్థితి నుంచి నేరుగా దానికే పోగలగాలి. చాలా టార్చిలు చివరిసారి ఎంత వెలుతురులో ఆపామో అంతలోనే మళ్ళీ వెలుగుతాయి. సాయంత్రం చేను కాడ ఫుల్లులో ఆపి, అర్ధరాత్రి పక్క మీద బటన్ నొక్కితే ఇల్లంతా లేస్తుంది. ‘ఆర్పినప్పుడు నొక్కి పట్టుకుంటే మూన్‌లైట్ వస్తుందా?’ అని కొనేముందే తెలుసుకోండి. మాన్యువల్ ఆన్‌లైన్లో దొరుకుతుంది, చదవడానికి పది నిమిషాలు కూడా పట్టదు.

3. వెలుతురు మార్చే పద్ధతిని ఎంచుకోండి

అసలు ఎంపిక ఇక్కడే ఉంది. అమ్మకానికున్నవన్నీ మోటుగా నాలుగు రకాలు.

మొదటిది, ఒకే బటన్ నొక్కుతూ మెట్లు మారేది. ఇందులో మెట్ల మధ్య ఎడం చూడాలి. మన కన్ను వెలుతురును లెక్క ప్రకారం చూడదు. రెండింతలు వెలుగు పెరిగినట్టు అనిపించాలంటే దాదాపు నాలుగింతల లూమెన్లు కావాలి. కాబట్టి 1, 5, 25, 120, 500 అని ఉన్న టార్చి నిజంగా ఐదు మెట్ల టార్చి. 400, 700, 1000 అని ఉన్నది కాగితం మీద మూడు మెట్లు, కంటికి ఒకటిన్నర. ఈ లెక్క తెలిస్తే 1000 లూమెన్ల మోడలుకూ 1200 లూమెన్ల మోడలుకూ మధ్య అడిగే అదనపు సొమ్ము ఎందుకు దండగో కూడా అర్థమవుతుంది.

రెండోది, బటన్ నొక్కి పట్టుకుంటే ఆగకుండా పెరుగుతూ పోయేది. ఇందులో అండురిల్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం పేరున్నది. ఎమిసార్, సోఫిర్న్ లాంటి కంపెనీల చాలా టార్చిల్లో అదే ఉంటుంది. ఆర్పి ఉన్నప్పుడు నొక్కి పట్టుకుంటే అడుగు వెలుతురుతో మొదలై పైకి పోతుంది. వేలు తీసిన చోట ఆగుతుంది. ఆర్పి ఉన్నప్పుడు నాలుగుసార్లు నొక్కితే, జేబులో పొరపాటున వెలగకుండా తాళం పడుతుంది. నేర్చుకున్నవాడికి ఇంతకంటే సుఖమైన పద్ధతి లేదు. నేర్చుకోనివాడి చేతికిస్తే మాత్రం లెక్క తప్పి ఏదో ఒక మోడులో పడి మిణుకుమిణుకుమంటుంది. కొత్త రకాల్లో మొదట సింపుల్ మోడు ఉంటుంది, ఇంట్లో పెద్దవాళ్ళు కూడా వాడేదైతే దాన్ని మార్చకండి.

మూడోది, రెండు బటన్లది. వెనక బటన్ ఆన్-ఆఫ్‌కు, పక్క బటన్ వెలుతురు మార్చడానికి. ఫెనిక్స్ పీడీ35 ఈ పద్ధతిదే. కొత్తదనం ఏమీ లేదు. కానీ చెమట చేతులతో, బురద చేతులతో, ఎవరికిచ్చినా ఒక్కమాటలో నేర్పగలిగింది ఇదే. నాయనకో మామకో కొనిచ్చేదైతే ఇంకో ఆలోచన పెట్టుకోకండి.

నాలుగోది, తిప్పేది. ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినట్టు రింగు తిప్పితే వెలుతురు మారుతుంది. జెట్‌బీమ్ ఆర్‌ఆర్‌టీ-01లో తల కింద రింగు, దాని లోపల అయస్కాంతం. అమెరికాలో అరిజోనా రాష్ట్రం టూసాన్‌లో తయారయ్యే హెచ్‌డీఎస్ రోటరీలో తిప్పే భాగం వెనక బటన్ చుట్టూ ఉంటుంది. ఈ రకం గొప్పదనం చీకట్లో తెలుస్తుంది. వెలిగించకముందే వేళ్ళతో ఎంత తక్కువకు కావాలంటే అంతకు తిప్పి పెట్టుకోవచ్చు. ఎడమ చేత్తో వైరు పట్టుకుని కుడి బొటనవేలూ చూపుడువేలుతో కొంచెం జరిపితే చాలు, క్లిక్కుల లెక్క గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు.

దీనికి మన దగ్గర ఒక శత్రువు ఉంది, దుమ్ము. బుడ్డలు (వేరుశనగ) పీకే రోజుల్లో ఆ ఎర్రమట్టి పిండి రింగుకూ బాడీకీ మధ్య చేరితే తిప్పినప్పుడు కరకరమంటుంది. ఐపీఎక్స్8 (నీళ్ళలో మునిగినా తట్టుకుంటుందనే గుర్తు) అని ఉన్న టార్చి అయితే వెనక మూత బిగించి, కుళాయి కింద పెట్టి రింగు అటూ ఇటూ తిప్పుతూ కడిగితే పోతుంది. ఇంకో సంగతి, రింగు మరీ వదులుగా ఉంటే జేబులో దానంతటదే తిరుగుతుంది. సున్నా దగ్గర గట్టిగా పట్టుకుని ఆగే గాడి ఉందో లేదో చూడండి.

నన్నడిగితే, ఊళ్ళో ఉండి రోజూ పదిసార్లు చిన్నచిన్న పనులకు వాడేవాళ్ళకు నొక్కి పట్టుకునేదో తిప్పేదో మేలు. చేను కాడ వాడేవాళ్ళకు రెండు బటన్లదే.

4. లూమెన్లు, క్యాండెలా విడదీసి చూడండి

లూమెన్లంటే టార్చి మొత్తంగా కక్కే వెలుతురు. క్యాండెలా అంటే ఆ వెలుతురు మధ్యలో ఎంత గట్టిగా కుదురుకుందన్నది. డబ్బా మీద రాసే దూరం క్యాండెలా నుంచే వస్తుంది: దాని వర్గమూలాన్ని రెండుతో హెచ్చిస్తే మీటర్లు. 10,000 క్యాండెలా అంటే 200 మీటర్లు. ఇది ఎఫ్ఎల్1 అనే అమెరికన్ ప్రమాణం లెక్క. ఆ చివర పడే వెలుతురు 0.25 లక్స్ (ఒక చోట పడే వెలుతురు కొలత), అంటే పున్నమి వెన్నెలంత. అంతలో అక్కడున్నది ఆవో అడవిపందో తేలదు. రాసిన దూరంలో సగమో మూడో వంతో నిజంగా పనికొచ్చేదని పెట్టుకోండి.

రోజువారీకి కావాల్సింది మధ్యలో మెత్తని వెలుగు, చుట్టూ కాళ్ళ దాకా పరుచుకునే వెలుగు. లోపలి అద్దం (రిఫ్లెక్టర్) గరుకుగా ఉన్నదో, లేక ప్లాస్టిక్ లెన్సు ఉన్నదో చూసుకోండి. నున్నటి లోతైన అద్దం ఉన్నవి దూరానికే.

నేల రంగు కూడా లెక్కే. ఆదోని వైపు నల్లరేగడిలో నడిచేటప్పుడు నేల వెలుతురునంతా మింగేస్తుంది. అదే టార్చి బేతంచెర్ల నాపరాళ్ళ నున్నటి బండల మీద కళ్ళలోకి తిరిగి కొడుతుంది. నల్లరేగడి మనుషులు కావాలనుకున్న లూమెన్ల మీద ఇంకొంచెం కలుపుకోండి.

పాముల సంగతి. నడకకు 50 నుంచి 100 లూమెన్లు సరిపోతాయి, కానీ టార్చిని తొడ ఎత్తులో పట్టుకుని రెండు మూడు మీటర్ల ముందుకు వేయండి. వెలుతురు కిందనుంచి ఏటవాలుగా పడితే రాయికీ కట్టెకూ పాముకూ నీడ పొడుగ్గా పడుతుంది. ఎండాకుల్లో కలిసిపోయే రక్తపింజర్ని బయటపెట్టేది ఆ నీడే. తలకు కట్టుకునే లైటు కంటి పక్కనుంచే పడుతుంది గనక నీడలు కనపడవు, నేలంతా చదునుగా అనిపిస్తుంది. చేతిలో మంచి టార్చి ఉందని చెప్పులు లేకుండా మాత్రం దిగకండి.

దూరం పోయే టార్చి కొన్న కడపవాళ్ళకు ఒక మాట. లంకమల, పాలకొండల వైపు సరదాకు బీము కొట్టకండి. 1900 తర్వాత ఎవరికీ కనపడక, 1986లో ఈ జిల్లాలోనే రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికిన కలివికోడి రాత్రిపూట తిరిగే పక్షి, ఆ వెలుతురు దానికి పడదు. పైగా ఎర్రచందనం అడవి అంచున అర్ధరాత్రి టార్చి తిప్పుతుంటే మీరెవరో అటవీశాఖవాళ్ళకు చాలాసేపు చెప్పుకోవాల్సి వస్తుంది.

5. వేడిని లెక్కలోకి తీసుకోండి

మన ఎండలకు ఇదే అసలు పరీక్ష. వెయ్యి లూమెన్లంటే దాదాపు పది వాట్లు, అందులో ఎక్కువ భాగం వేడిగా మారుతుంది. అరచేతిలో ఇమిడే అల్యూమినియం గొట్టం అంత వేడిని బయటికి పంపలేదు. అందుకే మంచి టార్చిలు ఒకటి రెండు నిమిషాల్లో తమంతట తామే తగ్గిపోతాయి. అది లోపం కాదు, కాపాడుకోవడం. ఈ సైజు గొట్టం ఎక్కువసేపు నిలబెట్టగలిగేది మామూలుగా నాలుగైదు వందల లూమెన్లు. మే నెలలో కర్నూలులో పగలు 42 డిగ్రీలు దాటి రాత్రి కూడా గోడలు సెగలు కక్కుతుంటే, అంతకూడా ఉండదు. మూడు వేల లూమెన్లని రాసుకున్న వేలెడు టార్చి మన వేసవిలో పేరు గొప్ప ఊరు దిబ్బ.

అంకెల్లో ఇంకో కిటుకు ఉంది. ఎఫ్ఎల్1 ప్రకారం రన్‌టైమ్ అంటే, వెలిగించిన 30 సెకన్లప్పుడు కొలిచిన వెలుతురు పదో వంతుకు పడిపోయేదాకా పట్టిన సమయం. ‘1000 లూమెన్లు, 2 గంటలు’ అంటే వెయ్యి లూమెన్లు రెండు నిమిషాలు, తర్వాత నాలుగు వందలు కాసేపు, చివర నూటికి దగ్గరగా మిగతాదంతా అయ్యుండొచ్చు. అబద్ధం రాసినట్టు కాదు, నిజం చెప్పినట్టూ కాదు. కాబట్టి నిమిషాల వారీ గ్రాఫు చూడండి. మంచి కంపెనీలు మాన్యువల్లోనే ఇస్తాయి. గీత పడిపోయాక ఎక్కడ చదునుగా నిలబడిందో, అదే మీ టార్చి అసలు వెలుతురు. ఏటవాలుగా జారుతూనే ఉంటే, సెల్లు తగ్గేకొద్దీ వెలుగూ తగ్గే చవక సర్క్యూట్ అన్నమాట. ఆ ధరకు అది తీసుకోవద్దు.

6. వెలుతురు రంగు

వెలుతురు రంగును కెల్విన్లలో చెబుతారు. 6500 కెల్విన్ అంటే నీలం కలిసిన తెలుపు. దాని మీదే ఎక్కువ లూమెన్లు వస్తాయి గనక అమ్మేవాళ్ళకు ఇష్టం. 4000 నుంచి 5000 మధ్యది కంటికి హాయి. దానితోపాటు సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే అంకె) 90కి పైన ఉన్నది అడగండి. రంగులు పగలు కనిపించినట్టే కనపడతాయి. జపాన్ కంపెనీ నిచియా 519ఏ అనే ఎల్‌ఈడీ ఇందుకు పేరున్నది.

ఇది షోకు కాదు. స్టార్టర్ డబ్బా తెరిస్తే ఎరుపు, పసుపు, నీలం మూడు ఫేజుల వైర్లు. దుమ్ముపట్టి రంగు వెలిసిన ఎరుపు వైరు నీలపు వెలుతురులో గోధుమరంగులోకి దిగిపోతుంది. మెయిన్ ఆపేసి, టార్చి వెనక అయస్కాంతం ఉంటే డబ్బా తలుపుకు అంటించుకుంటే రెండు చేతులూ ఖాళీ. టార్చి బాడీ కూడా లోహమే గనక, అది జారి టెర్మినళ్ళ మీద పడే చోట మాత్రం పెట్టొద్దు.

7. సెల్లు

రోజూ జేబుకు 18650 సెల్లు సరైన కొలత, 18 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు. 21700 ఇంకొంచెం లావు, 5000 ఎంఏహెచ్ (సెల్లులో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) దాకా పట్టుకుంటుంది, ప్యాంటు జేబులో మాత్రం బరువు తెలుస్తుంది. 18650లో 3500 ఎంఏహెచ్ ఉంటే అది మంచి సెల్లు. అంటే 12.6 వాట్-అవర్లు, వంద లూమెన్లలో పన్నెండు గంటల దగ్గర. బజారులో 9900 ఎంఏహెచ్ అని రాసి ఉన్న 18650 దొరుకుతుంది. అది పచ్చి అబద్ధం, ముట్టుకోకండి.

కొన్ని కంపెనీలు తమ సెల్లు తప్ప ఇంకోటి పనిచెయ్యకుండా తయారుచేస్తాయి. మూడేళ్ళ తర్వాత ఆ సెల్లు దొరక్కపోతే టార్చి దండగ. మామూలు సెల్లు పట్టేదే కొనండి.

లిథియం సెల్లును 45 డిగ్రీల పైన వేడిలో ఛార్జ్ చెయ్యకూడదు. రేకుల ఇంట్లో మధ్యాహ్నం కాదు, రాత్రి పెట్టండి. ఎండలో నిలిపిన బండి డిక్కీలో టార్చి వదలొద్దు. విడి సెల్లును తాళంచెవులతో కలిపి జేబులో వెయ్యొద్దు, షార్టయితే నిప్పే. ప్లాస్టిక్ డబ్బీ పది ఇరవై రూపాయల పని. విమానంలో విడి సెల్లు చేతి సంచిలోనే ఉండాలి.

8. మోడళ్ళను ఎదురెదురుగా పెట్టండి

ఇప్పుడు జాబితా కాగితం తీసుకుని చూడండి.

హెచ్‌డీఎస్ రోటరీ జీవితకాలం పనికొచ్చే వస్తువు. లోపలి ఎలక్ట్రానిక్సును పోతపోసి కదలకుండా చేస్తారు. కానీ విదేశం నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం, కొరియర్ ఫీజు కలిసి గుండె గుభేలుమంటుంది. లూమెన్లు కూడా ఈ కాలపు లెక్కకు తక్కువే. తిప్పడం మీద మోజు ఉన్నవాళ్ళకు మాత్రమే.

జీబ్రాలైట్ ఎస్‌సీ వరస చిన్నది, తేలిక. అడుగు వెలుతురు లూమెనులో చిన్న వంతు దాకా పోతుంది, వెలుతురు నిలకడగా ఉంటుంది. ఛార్జర్ విడిగా కొనుక్కోవాలి. పట్నంలో ఉద్యోగం చేసేవాళ్ళకు నా ఓటు దీనికే.

ఎమిసార్ డీ4వీ2 నాలుగు ఎల్‌ఈడీల చిన్న రాక్షసి. ఫుల్లులో పెడితే కొన్ని సెకన్లలోనే చెయ్యి కాలుతుంది. తాళం వెయ్యకుండా జేబులో పెడితే గుడ్డ మాడుతుంది. ఇష్టపడి నేర్చుకునేవాళ్ళకు ఆనందం, ఇంట్లో అందరూ వాడే టార్చి మాత్రం కాదు.

ఫెనిక్స్ పీడీ35 గురించి పైనే చెప్పాను.

ఇవేవీ వద్దు, ముందు పద్ధతి నచ్చుతుందో లేదో చూద్దామంటే సోఫిర్న్ ఎస్‌సీ31 ప్రో తీసుకోండి. వీటికంటే చాలా తక్కువ ధరకు అండురిల్, యూఎస్‌బీ-సి ఛార్జింగు రెండూ వస్తాయి. ఆరు నెలలు వాడాక అసలు మీకేం కావాలో మీకే తెలుస్తుంది.

9. వచ్చిన రోజు రాత్రే పరీక్షించండి

వాపసు గడువు దాటకముందే ఇవి చెయ్యాలి. చిన్న గదిలో తలుపులేసి, టార్చిని నిలబెట్టి పైకప్పు మీదికి వెయ్యండి. పక్కన ఫోన్లో లక్స్ కొలిచే యాప్ తెరిచి, ఐదు నిమిషాలకొకసారి అంకె రాయండి. ఫోను చూపించే అంకె సరైనది కాకపోయినా, అది ఎంత పడిపోయిందన్న నిష్పత్తి నిజమే చెబుతుంది. కంపెనీ గ్రాఫుతో పోల్చండి.

తర్వాత తక్కువ వెలుతురులో పెట్టి సన్నగా పారే కుళాయి ధార మీద వెయ్యండి. ధార ముత్యాలుగా తెగినట్టు కనపడితే టార్చి వేగంగా ఆరుతూ వెలుగుతూ ఉందన్నమాట. తక్కువ ఖరీదు సర్క్యూట్లు వెలుతురును అలాగే తగ్గిస్తాయి. కొందరికి దాంతో తలనొప్పి వస్తుంది. పెద్ద ధర పెట్టి కొన్నదాంట్లో అది కనపడితే వాపసు పంపండి.

మూన్‌లైట్‌లో పెట్టి లైట్లన్నీ ఆర్పి పావుగంట చీకట్లో కూర్చున్నాక చూడండి. ఇంకా కళ్ళకు గుచ్చుకుంటే మిద్దె మీదికి అది పనికిరాదు. యూఎస్‌బీ-సి ఉంటే రెండు వైపులా సి ఉన్న కేబుల్‌తో కూడా ఛార్జ్ అవుతుందో లేదో చూడండి, కొన్ని టార్చిలు పాత రకం కేబుల్‌తో మాత్రమే ఎక్కుతాయి.

చివరగా వెనక మూతను కొంచెం వదులు చేసి బటన్ నొక్కండి. మరలకు కరెంటు పారనివ్వని పూత (అనోడైజింగ్) ఉన్న టార్చి అయితే వెలగదు, ప్రయాణాల్లో అదే నమ్మకమైన తాళం. ఆ మరల్లో దుమ్ము చేరితే పొడిగుడ్డతో తుడిచి, రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు ఒక చుక్క రాయండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పూస్తే, వారానికల్లా దుమ్ముతో కలిసి జిగురై మూత తిరగదు.